పచ్చ అనగా పచ్చ

మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో అతని మూత్రం రంగు చెప్పేస్తుందని మనలో చాలామంది నమ్మకం. పచ్చగా పోస్తే వేడి చేసిందంటారు. నీళ్లలా పోస్తే చలవ చేసిందంటారు. ఎర్రగా పోస్తే ఏమంటారో వినడానికి అవకాశం ఉండదు. అప్పటికే ఇంటిల్లిపాదీ ఆటో కోసం పరుగెత్తుతుంటారు. ఈ నమ్మకంలో నిజం లేకపోలేదు. నీళ్లు తక్కువ తాగినవాడి మూత్రం చిక్కబడుతుంది, ఎక్కువ తాగినవాడిది తేటపడుతుంది, కాలేయం చెడినవాడిది డికాషన్ రంగులోకి తిరుగుతుంది. అయితే బీకాంప్లెక్సు మాత్ర మింగినవాడిదీ పచ్చగానే ఉంటుంది. బీట్‌రూట్ తిన్నవారిలో కొందరిది మరునాడు ఎర్రగానే ఉంటుంది. కనుక రంగు చూసి అనుమానపడవచ్చు. నిర్ధారణకు పరీక్షలు వేరే ఉన్నాయి.

కారెంపాలెం బస్సు డిపోలో ఈ నమ్మకాన్ని ఒక వేసవిలో అధికారికంగా అమలులోకి తెచ్చారు. ఆ వివరాలు ఇవి.

డిపోను నడిపే రవాణా సంస్థ ప్రధాన కార్యాలయంలో మొదట పుట్టింది మంచి ఆలోచనే. ఎండల్లో డ్రైవర్లు సరిగా నీళ్లు తాగక సొమ్మసిల్లుతున్నారు. డ్యూటీ ఎక్కేముందు మూత్రం రంగు చూసి, చిక్కగా ఉన్నవాడికి నీళ్లు తాగించి, మరీ ముదిరిన రంగు కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపాలనుకున్నారు. ఒక నిపుణుడు ఇంగ్లీషులో రంగుల పట్టిక తయారుచేసి ఇచ్చాడు. ఇంతవరకు వంక పెట్టడానికి ఏమీ లేదు.

పట్టిక తెలుగు కావడానికి అనువాద విభాగానికి వెళ్లింది. అక్కడి పెద్దమనిషి ఎల్లో అన్న మాటను పచ్చ అని రాశాడు. ఆయన తప్పు లేదు. పచ్చకామెర్లు అంటాం, పసుపు రాసుకున్న పాదాలు పచ్చగా ఉన్నాయంటాం, పెళ్లికూతురి మేనిఛాయ పచ్చగా ఉందంటాం. ఇంగ్లీషు ప్రతి ఆయన బల్ల మీదే ఉండిపోయింది. తెలుగు ప్రతి మాత్రం, ఏ రంగుకు ఏ చర్య తీసుకోవాలో నిర్ణయించే పక్కగదికి వెళ్లింది. ఆ గదిలోని వారు పచ్చ అన్న మాట చదివి, పచ్చజెండాను తలచుకున్నారు. వారి తప్పూ లేదు. చేను పచ్చగా ఉందంటాం. చెట్టు పచ్చగా ఉందంటాం. పైగా అది రవాణా సంస్థ. అక్కడ పచ్చ అంటే కదలమని, ఎరుపంటే ఆగమని అందరికీ తెలుసు.

ఆ ప్రకారం లేతపచ్చ నమూనా ఇచ్చిన డ్రైవరు సామాన్యుడు, పచ్చ ఇచ్చినవాడు ఉత్తముడు, ముదురుపచ్చ ఇచ్చినవాడు అత్యుత్తముడు అయ్యారు. ఎరుపు కనిపిస్తే తక్షణం సంస్థ ఆసుపత్రికి పంపాలన్నారు. సిగ్నలు దీపాల్లో తెలుపు లేదు. కనుక తెల్లగా, తేటగా ఉన్న నమూనాలో కుళాయి నీళ్లు కలిపి ఉంటారని, అటువంటి డ్రైవరు అనర్హుడని తేల్చారు.

డిపో మేనేజరు గంధం రాఘవులుగారు ఈ ఉత్తర్వును గేటు దగ్గర డ్రైవర్లందరినీ నిలబెట్టి చదివారు.

"సిబ్బంది శ్రేయస్సును దృష్టియందుంచుకుని, మూత్ర వర్ణాధారిత సారథి సామర్థ్య నిర్ధారణ పథకమును తక్షణమే అమలుపరచవలసినదిగా..."

"సారూ, కాస్త తెలుగులో చెప్పండి," అన్నాడు మస్తాన్ వలి. డిపోలో పాత డ్రైవరు, నోరు ఊరుకోదు.

"ఇది తెలుగే," అన్నారు రాఘవులుగారు. "డ్యూటీకి ముందు ప్రతి డ్రైవరూ సీసాలో నమూనా సమర్పించవలెను."

"అయితే మందు తాగినోణ్ణి పట్టే ఊదే మిషను తీసేస్తన్నారా సార్?"

"ఊదుట యథాతథం. ఇది అదనం."

"పైన ఊదాల, కింద పొయ్యాల. మధ్యలో బండి ఎప్పుడు తోలాల సార్?"

డ్రైవర్లు నవ్వారు. రాఘవులుగారు నవ్వలేదు. ఆయన సంస్థలో చేరినప్పటి నుంచి పైనుంచి వచ్చిన ఏ కాగితమూ ఆయనకు నవ్వు తెప్పించలేదు.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. పట్టికలను అచ్చువేసిన విభాగంలో రంగుల యంత్రం పాడై ఉండడం వల్ల, రంగుల పట్టిక నలుపు తెలుపుల్లో వచ్చింది. అయిదు గళ్లూ బూడిదరంగులోనే ఉన్నాయి. కింద పేర్లు ఉన్నాయి.

"పేరు రాసి ఉండగా రంగు వేయవలసిన ఆవశ్యకత లేదు," అన్నారు రాఘవులుగారు. "అయితే వర్ణ విషయములందు అనుభవము గల వ్యక్తి ఒకరు ఉండుట మంచిది."

డిపోలో వర్ణ విషయాలందు అనుభవం గలవాడు ఒక్కడే: గ్యారేజీలో బస్సులకు రంగులు వేసే దావీదు. అతణ్ణి వర్ణ నిర్ధారకుడిగా నియమించారు. మరునాడు దావీదు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, సెక్యూరిటీ గది పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా అందరినీ అన్నా అని పిలిచేవాడు, ఆ ఉదయం నుంచి "నెక్స్ట్" అనడం మొదలుపెట్టాడు.

మస్తాన్ వలి సీసా పెట్టాడు. దావీదు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"తెలుపు. నీళ్లు కలిపినావు."

"నేనెందుకు కలుపుతాన్రా? పొద్దున్నే చెంబుడు నీళ్లు తాగొచ్చా. ఎండల్లో తాగమనేగా మీ పోస్టర్లో రాసింది?"

"రా అనబాక. డ్యూటీలో ఉండా. తాగి కలిపినా, పోసి కలిపినా కలిపినట్టే. అనర్హుడు. నెక్స్ట్!"

తరువాతి వాడు యలమంద. కారెంపాలెం నుంచి రాజధానికి వెళ్లే దూరపు బస్సు అతనిదే. ఎవరితోనూ గొడవ పడనివాడు, స్టీరింగు ముందు కూర్చుంటే కబుర్లు కూడా ఆడనివాడు. వారం రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు. తాలింపు వాసన తగిలితే వాంతి వస్తోంది. మెట్లెక్కితే ఆయాసం. కళ్లలోని తెలుపు పసుపు పులిమినట్టయింది. అతను పెట్టిన సీసా చూసి దావీదు లేచి నిలబడ్డాడు.

"ఏం రంగన్నా ఇది! మన పాత డీలక్సు బస్సు కింది పట్టీకి ఈ షేడే వేసేవోణ్ణి. దొరకటమే మానేసింది." అని, అన్నా అన్నందుకు నాలిక కరుచుకుని, బిగ్గరగా ప్రకటించాడు: "ముదురుపచ్చ! అత్యుత్తమం!"

"దావీదూ, నాకు ఒంట్లో బాగలేదురా," అన్నాడు యలమంద మెల్లగా. "సిక్కు లీవు పెడదామని వచ్చా."

"సిక్కా? నీకా? పట్టిక చూడు."

సంస్థ ఆసుపత్రిలో చూపించుకోవాలంటే డిపో మేనేజరు సిక్కు చీటీ రాయాలి. చీటీ లేకుండా బయటి డాక్టరు రాసిన సర్టిఫికెట్టు చెల్లదు. చెప్పకుండా మానేస్తే సస్పెన్షను. యలమంద రాఘవులుగారి గదికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అనర్హులకు మాత్రమే సిక్కు చీటీ జారీ చేయవలెనని ఉత్తర్వు," అన్నారు రాఘవులుగారు. "మీరు అత్యుత్తములు. అత్యుత్తమునికి చీటీ ఇచ్చినచో రేపు ఆడిట్టువారు నన్నేమని భావించెదరు?"

"కళ్లు చూడండి సార్."

"కన్నులు పథకము పరిధిలోకి రావు."

పైగా పెళ్లిళ్ల రోజులు. తెలుపు వచ్చినవారంతా బెంచీ మీద కూర్చుని ఉండడం వల్ల, వారి ట్రిప్పులు అత్యుత్తముడికే పడ్డాయి. యలమంద దూరపు బస్సు దిగి మాచెర్ల బస్సు ఎక్కాడు. మాచెర్ల బస్సు దిగి మళ్లీ దూరపు బస్సు ఎక్కాడు. వారంలో రావలసిన సెలవు కూడా రద్దయింది.

అనర్హులు ఊరుకోలేదు. బెంచీ మీద కూర్చున్న దినం హాజరు పడదు గనక, పచ్చబడడానికి దారి వెతికారు. దారి సులువే. నీళ్లు తాగడం మానేశారు. మే నెల ఎండలో, ఇంజను వేడి పక్కన, చుక్క నీరు ముట్టకుండా బండి నడిపి వచ్చినవాడు మరునాటి ఉదయం తప్పక పచ్చగా పోస్తాడు. నోరు కట్టుకోలేనివారు బీకాంప్లెక్సు మాత్రలు మింగారు. కారెంపాలెం మందుల దుకాణాల్లో ఆ మాత్రలు అయిపోయాయి. డిపోలో అనర్హుల, సామాన్యుల సంఖ్య తగ్గి, ఉత్తముల సంఖ్య పెరిగింది. రాఘవులుగారు ఈ పురోగతిని పైకి నివేదించారు. పైవారు సంతోషించి, పురోగతికి అడ్డు తగిలేవి ఏమైనా ఉంటే తొలగించవలసిందని రాశారు. డిపో ఆవరణలో అటువంటిది ఒకటే కనిపించింది: చలివేంద్రం. కుండలు బోర్లించి స్టోరుకు పంపారు.

మూడు కుండలు మోసుకుపోతున్న మనిషిని చూసి మస్తాన్ వలి రాఘవులుగారి గదిలోకి తోసుకుని వెళ్లాడు.

"సార్, మీరు కోప్పడినా సరే. నిన్న నాకు బండిలో కళ్లు తిరిగినయ్. రోడ్డు రెండుగా కనపడింది. పెట్రోలు బంకులో ఆపి కుళాయి కింద తలకాయ పెట్టి అక్కడే పడిపోయా. ప్యాసింజర్లే నన్ను లేపినారు."

"ఇవాళ మీ వర్ణమెంత?"

"పచ్చ."

"మరి!"

"ఆ పచ్చ ఈ పచ్చ కాదు సార్! ఆడోళ్లు గడపకు రాసే పచ్చ వేరు, గడ్డి పచ్చ వేరు. ఒంటికి గడ్డి రంగులో పోసేవోడు ఏ ఊళ్లోనన్నా ఉంటాడా? ఒంట్లో వేడి చేస్తే వచ్చే పచ్చకి మీరు పచ్చజెండా ఊపుతున్నారు. యలమందకి కామెర్లు సార్. పిల్లకాయలకి కూడా తెలస్తంది."

రాఘవులుగారు ఆలోచించారు. ఆయన మూర్ఖుడు కాదు. ఇంట్లో ఆయనా గడపకు రాసిన పచ్చను చూస్తున్నవాడే. ఆయన ఆనాడే ప్రధాన కార్యాలయానికి రాశారు: పట్టికలో పేర్కొన్న పచ్చ అనగా పసుపుపచ్చయా, ఆకుపచ్చయా అను విషయమై క్షేత్రస్థాయిలో సందేహము ఉత్పన్నమైనది, నివృత్తి చేయ ప్రార్థన.

జవాబు వచ్చింది. రాఘవులుగారు దాన్ని గేటు దగ్గర అతికించారు.

"పై విషయమును ఉన్నతస్థాయిలో కూలంకషముగా పరిశీలించడమైనది. పచ్చ అనగా పచ్చ అని భావించవలెను."

దాని కింద ఇంకొక వాక్యం ఉంది. రాష్ట్రమంతటా అత్యధికంగా అత్యుత్తమ ఫలితాలు సాధించిన డ్రైవరు కారెంపాలెం డిపోకు చెందిన యలమంద అయినందున, అతని ఛాయాచిత్రాన్ని డిపో ముఖద్వారం వద్ద ప్రదర్శించవలెనని.

ఫొటోగ్రాఫరు వచ్చాడు. కొత్త టోపీ పెట్టించి, యలమందను కుర్చీలో కూర్చోబెట్టాడు. నిలబడడం అప్పటికి అతని వల్ల కావడం లేదు.

"సార్, కళ్లు మరీ పచ్చగా పడినయ్," అన్నాడు ఫొటోగ్రాఫరు కంప్యూటరు ముందు కూర్చుని. "తెల్లగా దిద్దేదా?"

"ఎంతమాత్రము వలదు," అన్నారు రాఘవులుగారు. "అది ఆరోగ్య చిహ్నము."

ఫొటో గేటుకు కట్టిన రోజున యలమంద భార్య నాగేంద్రమ్మ డిపోకు వచ్చింది. ఫొటో కింద నిలబడి ఒకసారి మొగుడి మొహం వంక చూసి, తిన్నగా రాఘవులుగారి గదికి వెళ్లింది.

"అయ్యా, నా మొగుడు చచ్చిపోతే ఆ ఫొటోకే దండేస్తారా, కొత్తది తీస్తారా?"

"అమ్మా, మీరు ఆవేశపడుచున్నారు. మీ భర్త సంస్థకే గర్వకారణము."

"గర్వం మీరు ఉంచుకోండి, మనిషిని నాకియ్యండి. నాలుగు ముద్దలు తిని ఎన్నాళ్లయిందో. ఒళ్లంతా దురద, రాత్రంతా గోక్కుంటానే ఉంటాడు. మా చుట్టాలేమో పసరు పోయిద్దాం రమ్మంటన్నారు. నేను వద్దన్నా. రక్తపరీక్ష చేయించాల, డాక్టరు చూడాల. ఆ చీటీ ముక్క రాయండి."

"రాయుటకు నాకు అభ్యంతరము లేదు. అతడు అనర్హుడు కావలెను, అంతే."

"ఎట్టా అవుతాడు?"

"తెలుపైనా రావలెను, ఎరుపైనా రావలెను."

"కడివెడు నీళ్లు తాగిచ్చినా పచ్చగానే పోస్తన్నాడయ్యా! రోగం పచ్చగా ఉంటే నీళ్లేం చేస్తయ్?"

రాఘవులుగారు ఉత్తర్వును మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. పథకంలో సమాధానం లేదు.

ఆ సమయంలోనే దావీదు తలుపు దగ్గర నిలబడి ఒక సందేహం అడిగాడు. "సార్, ఒక సీసాకి చీమలు పట్టినయ్. ఇంకోదాంట్లో నురగ తగ్గటంలేదు. ఏం రాయమంటారు?"

"వర్ణమేమి?"

"రెండూ లేతపచ్చ."

"సామాన్యము అని రాయుము. చీమల విషయమై, నురగ విషయమై ఆదేశములు లేవు."

ఆ సీసాలు ఎవరివో, వారు తరువాతైనా చక్కెర పరీక్షా, మూత్రపిండాల పరీక్షా చేయించుకున్నారో లేదో తెలియదు.

వారం తిరక్కముందే డిపో క్యాంటీనులో బీట్‌రూట్ కూర వండారు. ఎండల్లో రక్తం పడుతుందని వంటవాడి ఉద్దేశం. మరునాడు ఉదయం దావీదు బల్ల మీద రెండు సీసాలు ఎర్రగా మెరిశాయి. కూర అందరూ తిన్నారు; అలా మారేది కొందరికే. దావీదు పట్టిక చూసి "ఎరుపు! ఎరుపు!" అని అరుస్తూ పరుగెత్తాడు. రాఘవులుగారు జీపు తెప్పించారు. ఆ ఇద్దరు డ్రైవర్లనూ, తమకేమీ కాలేదని వారు మొత్తుకుంటున్నా వినకుండా, పడుకోబెట్టి సంస్థ ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ వారు ఫ్యాను కింద కంటినిండా నిద్రపోయి, పరిశీలన ముగిశాక, నిగనిగలాడుతూ తిరిగి వచ్చారు.

విచారణ జరిగింది. కారణం కనుక్కున్నారు. బీట్‌రూట్‌ను డిపో ఆవరణలో నిషేధిస్తూ ఉత్తర్వు వెలువడింది. ఆ రోజు నుంచి గేటు దగ్గర సెక్యూరిటీవారు డ్రైవర్ల క్యారేజీలు విప్పించి కూరలు చూసేవారు. ఒకసారి మస్తాన్ వలి క్యారేజీలో ఎర్రటి ఊరగాయ దొరికితే, దావీదును పిలిపించి నిర్ధారింపజేశారు. అది మాగాయ.

క్యారేజీ సర్దుకుంటూ మస్తాన్ వలికి ఒక ఆలోచన వచ్చింది. ట్రిప్పు ముగించుకుని ఇంటికి పోయే దారిలో సైకిలు ఆపి నాగేంద్రమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, బీట్‌రూట్ డిపోలోకి తేకూడదు. ఇంట్లో తినకూడదని ఎవరూ అనలా."

"ఆయనకి అన్నమే దిగటంలేదన్నా, ఇక కూరేం దిగుతది?"

"రసం తియ్యి. నిమ్మకాయ పిండు. ఎర్రగా వస్తే బతికినట్టే. రాకపోతే ఇంకోటి ఆలోచిద్దాం."

యలమంద గ్లాసు వంక చూసి మొహం తిప్పుకున్నాడు. "ఇది మోసం కాదటే?"

"నువ్వు బాగున్నావని ఫొటో కట్టారే, అది మోసం కాదూ? తాగు."

తాగాడు. సగం కక్కుకున్నాడు. ఆమె మళ్లీ తీసి ఇచ్చింది.

తెల్లవారి యలమంద బల్ల మీద సీసా పెట్టాడు. దావీదు ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. ముదురుపచ్చ మీద ఎరుపు కలిసి, గ్యారేజీలో తుప్పు పట్టకుండా ఇనుముకు వేసే తొలిపూత రంగు వచ్చింది. దావీదుకు ఆ రంగు బాగా తెలుసు. ఏదో అడగబోయి, యలమంద కళ్లు చూసి, వెనకాల క్యూలో నిలబడ్డ మస్తాన్ వలిని చూసి, అడగలేదు.

"ఎరుపు," అన్నాడు.

రాఘవులుగారు చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. సంస్థకు గర్వకారణమైన మనిషికి ఇంత ప్రమాదం వచ్చినందుకు ఆయన నిజంగానే బాధపడ్డారు. స్వయంగా చేయి పట్టుకుని జీపు ఎక్కించారు. చీటీ మీద సంతకం చేసేటప్పుడు, "బీట్‌రూట్ ఏమైనా..." అని అడగబోతే, సెక్యూరిటీ అతను క్యారేజీ తెరిచి చూపించాడు. అందులో పెరుగన్నం ఉంది.

సంస్థ ఆసుపత్రిలో డాక్టరమ్మ సీసా చూడనే లేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషి కళ్లు చూసి, కుర్చీలోంచి లేచింది.

"కామెర్లు. ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు? ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"అత్యుత్తమం వచ్చినప్పటి నుంచమ్మా," అన్నాడు యలమంద.

రక్తపరీక్షలో కాలేయం బాగా దెబ్బతిన్నట్టు తేలింది. మంచం దిగకుండా విశ్రాంతి తీసుకోవాలన్నారు. వారాలు గడిచాయి. నాగేంద్రమ్మ మరిగించి చల్లార్చిన నీళ్లు, గంజి, మజ్జిగ తాగించింది. పసరు పోసేవాళ్లను వాకిట్లోంచే పంపేసింది. దురద తగ్గింది, ఆకలి పుట్టింది, కళ్లు తెల్లబడ్డాయి. మళ్లీ చేసిన రక్తపరీక్ష బాగా వచ్చింది. డ్యూటీకి యోగ్యుడని డాక్టరమ్మ రాసిచ్చింది.

యలమంద డిపోకు వచ్చేసరికి తొలకరి పడింది. గేటుకు అతని ఫొటో వేలాడుతోంది. మస్తాన్ వలి దూరం నుంచే కేక వేశాడు: "వచ్చావా బావా! నువ్వు లేక దూరపు బస్సు ఏడుస్తంది." యలమంద నవ్వుతూ వెళ్లి బల్ల మీద సీసా పెట్టాడు.

దావీదు ఎత్తి చూశాడు. ఎండుగడ్డి నానిన నీళ్ల కంటే తేటగా ఉంది. అతను పట్టిక వంక చూశాడు, యలమంద వంక చూశాడు, మళ్లీ పట్టిక వంక చూశాడు.

"అన్నా, మంచినీళ్లు ఎక్కువ తాగినావా?"

"డాక్టరమ్మ తాగమంది."

దావీదు సీసా దించాడు. రాఘవులుగారిని పిలిచారు. ఆయన పాత ఫలితాలనూ కొత్త ఫలితాన్నీ పక్కపక్కన పెట్టుకుని పరిశీలించారు.

"అత్యుత్తమము నుండి తెలుపునకు," అన్నారు ఆయన విచారంగా. "ఇంత పతనము ఈ డిపో చరిత్రలో లేదు. చికిత్స వికటించినట్లున్నది."

డాక్టరమ్మ రాసిచ్చిన సర్టిఫికెట్టును ఆయన చదివి, ఆమె వర్ణ నిర్ధారణలో శిక్షణ పొందినట్లు అందులో లేదని గమనించి, తిరిగి ఇచ్చేశారు.

డ్రైవరు యలమంద శారీరక సామర్థ్యము కోల్పోయినందున, అతణ్ణి స్టీరింగు విధుల నుంచి తప్పించి, గ్యారేజీలో బస్సులు కడిగే పనిలో నియమించారు. పథకాన్ని ఇరుగుపొరుగు డిపోలకు విస్తరించారు. గేటు దగ్గరి ఫొటోను తొలగించవలెనని ఉత్తర్వు ఏదీ రాలేదు. అది అక్కడే ఉంది.